తండ్రి పంచింది ఎవరి భూమిని? తెల్లదొరల కాలంలో కృష్ణా డెల్టా రైతు ఇంటి పంపకాలు

పాత దస్తావేజుల కట్ట విప్పితే 1920ల, 30ల నాటి పంపకపు కాగితం ఒకటి చాలా ఇళ్ళలో బయటపడుతుంది. కొందరు దాన్ని పారిఖత్తు అంటారు, కొందరు భాగపరిష్కార పత్రం అంటారు. అందులో తండ్రి పేరు ముందుంటుంది, కొడుకుల పేర్లు వరుసగా ఉంటాయి, కింద ఎ, బి, సి షెడ్యూళ్ళు, అంటే ఒక్కొక్కరి వాటాకు వచ్చిన ఆస్తుల జాబితాలు ఉంటాయి. చూడగానే తండ్రి తన భూమిని పిల్లలకు పంచి ఇచ్చాడనిపిస్తుంది. ఆ కాగితాన్ని తప్పుగా చదవడం ఇక్కడే మొదలవుతుంది.

అప్పటి మద్రాసు రాష్ట్రంలో హిందూ రైతు కుటుంబాలకు వర్తించింది మితాక్షర న్యాయం. దాని ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. తాతల నాటి 20 ఎకరాలు పట్టాలో తండ్రి పేరు మీద ఉన్నా, కొడుకు పుట్టిన రోజే అందులో వాటాదారు అవుతాడు. కాబట్టి తండ్రి తనది తీసి కొడుకులకు ఇవ్వడం లేదు. అప్పటికే వాళ్ళది కూడా అయిన దాన్ని విడదీస్తున్నాడు. ఒక కొడుక్కి ఎక్కువ రాసి మరొకడికి తగ్గించే అధికారం ఆయనకు లేదు. కొడుకులు ఒప్పుకోకపోయినా పంచే అధికారం మాత్రం ఉంది, వాటాలు సమానంగా ఉంటేనే. అలాగే తండ్రికి ఇష్టం లేకపోయినా కొడుకు తన వాటా అడిగి తీసుకోవచ్చు.

లెక్క తేలిగ్గా తెలియడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. 1930, బెజవాడ ఆనకట్ట కాలువ కింద ఒక ఊరు. రైతుకు పిత్రార్జితం 20 ఎకరాలు: మాగాణి 12, మెట్ట 8. ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి ఇద్దరు మగపిల్లలు. రెండోవాడు చనిపోయాడు, భార్య, పసివాడైన కొడుకు ఉన్నారు. మూడోవాడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఇద్దరు కూతుళ్ళలో ఒకరికి పెళ్ళయింది. రైతు భార్య బతికే ఉంది.

వాటాలు నాలుగు: తండ్రికొకటి, కొడుకులకు మూడు. తండ్రికీ కొడుకుతో సమానమే వస్తుంది. పెద్దవాడి పిల్లలిద్దరికీ విడిగా రాదు, వాళ్ళది తమ తండ్రి వాటాలోనే ఉంది. చనిపోయిన రెండోవాడి వాటా అతని కొడుక్కి వస్తుంది. తలా 5 ఎకరాలు. రైతు భార్యకు వాటా లేదు. శాస్త్రంలో కొడుకులతో సమానంగా భార్యకూ తల్లికీ భాగం చెప్పారు గానీ, దక్షిణాదిలో అది ఏనాడో ఆచారం తప్పిందని మద్రాసు కోర్టులు తేల్చేశాయి. ఆమెకు మిగిలింది మనోవర్తి, అంటే బతకడానికి ఇచ్చే భృతి. కొడుకులున్న ఇంట్లో కూతుళ్ళకూ వాటా లేదు. పెళ్ళికాని కూతురి పెళ్ళి ఖర్చు మాత్రం ఉమ్మడి ఆస్తి మీద బాధ్యత, దాన్ని ముందే తీసి పక్కన పెట్టాలి.

ఇప్పుడు ఒక్క సంగతి మారుద్దాం. రెండోవాడు కొడుకు లేకుండా చనిపోయాడనుకోండి. అప్పుడు వాటాలు మూడే, తలా 6 ఎకరాల 66 సెంట్లు. అతని వాటా మిగిలిన మగవాళ్ళలో కలిసిపోతుంది, భార్యకు మనోవర్తీ తలదాచుకునే చోటూ తప్ప భూమి దక్కదు. అదే మనిషి చనిపోయే ముందు విడిపడి ఉంటే? అతని 5 ఎకరాలూ భార్యకు వస్తాయి. అమ్ముకునే హక్కు ఇంచుమించు లేకపోయినా, బతికినంత కాలం ఆమె ఆ భూమిని ఏలుకుంటుంది. తర్వాత కూతురుంటే కూతురికి పోతుంది. ఆ కాలంలో ఒక ఆడమనిషి చేతిలో భూమి ఉంటుందా, లేక ఏటా కొన్ని బస్తాల ధాన్యం కోసం బావగారి గుమ్మం ముందు నిలబడుతుందా అన్నది భర్త ఉమ్మడిలో చనిపోయాడా, విడిపడి చనిపోయాడా అన్న ఒక్క ప్రశ్న మీద ఆధారపడింది.

అందుకే విడిపోవడం వేరు, భూమి పంచుకోవడం వేరు. గట్టు వేయక్కర్లేదు, గొలుసు పట్టుకుని కొలవక్కర్లేదు. నేను ఉమ్మడిలో ఉండను, నా వాటా నాకు కావాలి అని ఒక వాటాదారు ఖచ్చితంగా చెప్పి, మిగిలిన వాళ్ళకు తెలియజేస్తే ఆ క్షణం నుంచి అతను విడిపడినట్టే. మిగతావాళ్ళు ఒప్పుకోనక్కర్లేదు. ఈ సూత్రాన్ని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, 1916 నాటికి స్థిరపరిచింది. ఆ తర్వాత రిజిస్టరు నోటీసు ఒకటి ఇచ్చిన తేదీకీ, మనిషి చనిపోయిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయని లెక్కపెడుతూ ఏళ్ళ తరబడి దావాలు నడిచాయి.

తర్వాతి చిక్కు స్వార్జితం. మన రైతు తన పేరు మీద మరో 4 ఎకరాలు కొన్నాడనుకుందాం. అది స్వార్జితమైతే పూర్తిగా ఆయన ఇష్టం, కూతుళ్ళకు రాసినా, గుడికి రాసినా కొడుకులు అడ్డుపడలేరు. ఉమ్మడిదైతే మొత్తం 24 ఎకరాలై తలా 6 వస్తాయి. అంటే ఒక్కో వాటాకు ఎకరం తేడా. దస్తావేజు మీద ఎవరి పేరుందన్నది ఇక్కడ పనికిరాదు. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. ఇంటి ఖర్చులు పోను భూమి కొనేంత మిగులు 20 ఎకరాల పంటలో ఉంటే, ఆ మిగులుతోనే కొన్నాడని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సిన భారం స్వార్జితం అన్నవాడి మీదే పడుతుంది. మామగారిచ్చిన సొమ్ముతో కొన్నదైతే ఆ సంగతి కొన్న రోజునే దస్తావేజులో రాయించుకున్నవాడు బాగుపడ్డాడు. ఇంకో ప్రమాదం: స్వార్జితాన్ని ఉమ్మడి లెక్కల్లో కలిపేసి, అందరూ కలిసి సాగుచేసి, వేరే చూపకపోతే అది కూడా ఉమ్మడిలో కలిసిపోయినట్టే. చదువుకుని ఉద్యోగం చేసే కొడుకు జీతం గురించి కూడా ఇదే గొడవ ఉండేది. ఉమ్మడి ఖర్చుతో చదివాడు కాబట్టి సంపాదన ఉమ్మడిదే అనేవారు. 1930లో వచ్చిన విద్యార్జన చట్టంతో ఆ జీతం అతని సొంతమైంది.

కూతుళ్ళకు వాటా లేదన్నాం గానీ, పసుపు కుంకుమ కింద కొంత భూమి ఇవ్వడం తెలుగు నేల మీద గట్టి ఆచారం. పిత్రార్జితాన్ని దానం చేయడానికి తండ్రికి అధికారం లేకపోయినా, కూతురికి తగుమాత్రంగా ఇస్తే కోర్టులు ఆమోదించాయి. 1910ల తొలి ఏళ్ళలో మద్రాసు హైకోర్టుకు వెళ్ళిన ఒక కేసులో కుటుంబానికి 200 ఎకరాలుండగా తండ్రి పెళ్ళయిన కూతురికి 8 ఎకరాలిచ్చాడు. అది చెల్లింది. మొత్తంలో 25వ వంతు అన్నమాట. ఇదే కొలత అని చట్టం ఎక్కడా అనలేదు, ఆస్తి ఎంతో చూసి తగుమాత్రమా కాదా అని తేలుస్తారు. పెళ్ళప్పుడు నోటిమాటగా ఇచ్చి, కాగితం రాయకుండా, కూతురి చేత అనుభవింపజేస్తూ పోయిన భూములే ఎక్కువగా తగువుల్లో పడ్డాయి. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఏటా పంట పంపేవారు. ఆయన పోయాక అన్నదమ్ములు, అది కౌలు మిగులు పంపామే గానీ భూమి ఇవ్వలేదు అనేవారు.

ఇల్లరికం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే శాస్త్రంలో లేకుండా కేవలం ఆచారం బలంతో కోర్టుల్లో నిలిచినది ఇది. రెడ్ల, కమ్మవారి కుటుంబాల్లో కొడుకులు లేని రైతు ఒక కూతురి భర్తను, ఆస్తి ఇస్తానని మాటిచ్చి ఇంట్లో పెట్టుకుని, వ్యవసాయం అప్పగిస్తే అతను ఇల్లటపు అల్లుడు. ఆ తర్వాత రైతుకు కొడుకు పుట్టినా అల్లుడికి కొడుకుతో సమానంగా భాగం వస్తుంది. దత్తుడిలా కాకుండా, పుట్టింటి ఆస్తిలోనూ అతని హక్కు పోదు. ఊరికే అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన ఎవరూ ఇల్లటపు అల్లుడు కాలేరు, మాటిచ్చి తెచ్చుకున్నట్టు రుజువుండాలి. దత్తుడి సంగతి వేరు. దత్తత తర్వాత సొంత కొడుకు పుడితే, మద్రాసు పద్ధతిలో దత్తుడికి సొంత కొడుకు వాటాలో నాలుగో వంతు, అంటే ఇద్దరే ఉంటే ఆస్తిలో ఐదో వంతు. కోర్టులు శూద్రులుగా లెక్కించిన కులాల్లో మాత్రం ఇద్దరికీ సమానమని, ఒక తెలుగు కుటుంబం కేసులో ప్రీవీ కౌన్సిల్ 1921లో తేల్చింది. వ్యవసాయం చేసే కుటుంబాల్లో అత్యధికం ఈ కోవకే వచ్చేవి కాబట్టి ఆ తీర్పు ఎన్నో ఇళ్ళ లెక్కలు మార్చింది.

ఇక నేల మీదికి దిగుదాం. 20 ఎకరాలను నాలుగుతో భాగిస్తే 5 వస్తుందని పిల్లవాడు కూడా చెబుతాడు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు (1852, 1855) వచ్చిన తర్వాత డెల్టాలో ఎకరానికీ ఎకరానికీ పోలిక లేకుండా పోయింది. అందుకని పెద్దమనుషులు ముందు భూములకు తరం కట్టేవారు. మాగాణి ఎకరం మెట్ట ఎకరాలు రెండున్నరకు సమానమని తేల్చారనుకుందాం. 12 ఎకరాల మాగాణి 30 పాళ్ళు, మెట్ట 8 పాళ్ళు, మొత్తం 38. ఒక్కో వాటాకు తొమ్మిదిన్నర. 3 ఎకరాల మాగాణి, 2 ఎకరాల మెట్ట తీసుకుంటే సరిపోతుంది. మెట్ట వద్దనుకునే వాడికి 3 ఎకరాల 80 సెంట్ల మాగాణి ఇచ్చినా అంతే. ఇలా చేసినప్పుడు దస్తావేజులో ప్రతి షెడ్యూలుకూ విలువ కూడా రాయాలి. విస్తీర్ణం మాత్రమే రాస్తే, ఒకడికి 3.80, మిగతావాళ్ళకు అంతకన్నా బాగా ఎక్కువ కనబడుతుంది. మన ఉదాహరణలో చనిపోయిన రెండోవాడి కొడుకు మైనరు. మేజరయ్యాక, నా వాటా అన్యాయంగా తగ్గించారు అని పంపకాన్ని తిరగదోడే హక్కు అతనికుంది. ఆ రోజు అతనికి జవాబు చెప్పేది ఆ విలువల గడే.

ఒకే చేనును కోయడంలో ఉన్న ఇబ్బంది అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. బోదె (నీళ్ళు తెచ్చే చిన్న కాలువ) వెంబడి 5 గొలుసుల వెడల్పు, లోపలికి 8 గొలుసుల పొడవున్న మాగాణి చేను సరిగ్గా 4 ఎకరాలు. గొలుసంటే 66 అడుగులు, 10 చదరపు గొలుసులు ఎకరం. దీన్ని నిలువుగా నాలుగు పేలికలు చేస్తే ఒక్కోటి 82న్నర అడుగుల వెడల్పు, 528 అడుగుల పొడవు. నలుగురికీ బోదె తగులుతుంది, ఎవరి నీళ్ళు వాళ్ళు పెట్టుకుంటారు. కానీ మూడు కొత్త గట్లు రెండేసి అడుగుల వెడల్పున వేస్తే 7 సెంట్ల పైచిలుకు నేల గట్ల కింద పోతుంది. అడ్డంగా కోస్తే గట్లకు నాలుగున్నర సెంట్లే పోతాయి, దున్నడానికి అనువైన వెడల్పాటి మడులొస్తాయి. అయితే బోదె మొదటివాడికే దక్కుతుంది. వెనక ముగ్గురూ అతని మడిలోంచి నీళ్ళు పారించుకోవాలి, పంట మీద ఉండగా దారి అడగాలి. అడ్డంగా కోసిన చోట, పైచేనులోంచి దిగువ చేలకు నీరు వదలాలి, మురుగు పోవాలి, కోతప్పుడు బండి వెళ్ళాలి అని మూడు వాక్యాలు దస్తావేజులో లేకపోతే, అన్నదమ్ములు బతికున్నన్నాళ్ళూ బాగానే సాగి, వాళ్ళ పిల్లల కాలంలో కర్రలు లేస్తాయి. నిలువు పేలికల గతి ఇంకోరకం. ఒక్కొక్కరికి నలుగురు కొడుకులు పుడితే తర్వాతి తరంలో పేలిక వెడల్పు 20 అడుగుల చిల్లర. అరక తిప్పడానికి కూడా చోటుండదు. అన్ని చేలలో అందరికీ ముక్క అనే పట్టుదల కన్నా, ఒక్కొక్కరికి ఒక చేను పూర్తిగా ఇచ్చి, హెచ్చుతగ్గులకు సొమ్ము సర్దడం ఎప్పుడూ మేలు. కానీ రొక్కం చేతిలో ఉండే రైతులు తక్కువ కాబట్టి చేలు ముక్కలవుతూనే వచ్చాయి.

పాళ్ళు తయారయ్యాక ఎవరికేది అన్నదానికి చీట్లు వేయడమో, పెద్దవాడు పాళ్ళు పెడితే చిన్నవాడు ముందు కోరుకోవడమో జరిగేది. రెండో పద్ధతి చాలా తెలివైనది. చివరికి మిగిలేది తనకే కాబట్టి పాళ్ళు పెట్టేవాడు జాగ్రత్తగా పెడతాడు. బావి, కళ్ళం, గడ్డివాము వేసే చోటు, పుంతదారి పంచరు, ఉమ్మడిగా ఉంచుతారు. ఎద్దులు మాత్రం జతలుగానే పంచాలి. జత విడదీస్తే రెండూ పనికిరావు.

అప్పులు రాయకుండా పంచుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ రోజుల్లో తండ్రి చేసిన అప్పు జూదానికో, వ్యభిచారానికో కాకపోతే కొడుకుల వాటాలు దానికి బాధ్యత వహించేవి. పంచుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోయేది కాదు. అప్పు తీర్చే ఏర్పాటు చేయకుండా పంచుకుంటే, పంపకానికి ముందున్న అప్పు కోసం షావుకారు కొడుకుల భూముల మీదికి రాగలిగేవాడు. అందుకే జాగ్రత్తపరులు ఏ నోటు ఎవరు తీర్చాలో రాసుకునేవారు, లేదా ఒక చేను అప్పుల కిందే విడిచి పెట్టేవారు.

కాగితం విషయంలో ఒక విచిత్రం ఉంది. పంపకానికి అసలు కాగితమే అక్కర్లేదు, నోటిమాటతో పంచుకున్నా చెల్లుతుంది. కాగితం రాస్తే మాత్రం ఆ కాగితం ఏం చెబుతోందో చూస్తారు. “ఇదివరలో పెద్దమనుషుల సమక్షమున పంచుకొని యున్నాము” అని రాస్తే అది జరిగిపోయినదానికి జాబితా, రిజిస్ట్రేషను లేకపోయినా ఫర్వాలేదు. “ఈ పత్రము మూలముగా పంచుకొనుచున్నాము” అని రాస్తే ఆ కాగితమే పంపకం. నూరు రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అయితే 1908 చట్టం ప్రకారం నాలుగు నెలల్లో సబ్‌రిజిస్ట్రారు ముందుంచాలి, లేకపోతే ఏ చేను ఎవరిదో చెప్పడానికి కోర్టు దాన్ని చూడదు. ఒక్క క్రియాపదం కాలం మారితే దస్తావేజు నిలవడమో కూలడమో జరిగేది. ఇంకో మెలిక కూడా ఉంది. రిజిస్టరు కాని అదే కాగితం భూమిని పంచలేకపోయినా, వీళ్ళు విడిపడ్డారు అనడానికి మాత్రం సాక్ష్యంగా పనికొస్తుంది. విధవరాలి కేసుల్లో అంతకన్నా కావలసిందేముంది? స్టాంపు సుంకం అన్నిటికన్నా పెద్ద వాటాను వదిలేసి మిగతా వాటి విలువ మీద లెక్కిస్తారు. నాలుగు వాటాలు అయిదేసి వేలైతే, సుంకం 15,000 మీదే.

రిజిస్ట్రేషనుతో పని అయిపోదు. కరణం లెక్కల్లో సర్వే నంబరు 112 చీలి 112/1, 112/2 కావాలి, పట్టాలు విడిపోవాలి. అప్పటిదాకా కిస్తు (భూమి శిస్తు) ఉమ్మడిదే. ఒక తమ్ముడు కట్టకపోతే 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద సర్కారు అందరి భూమి మీదికీ రావచ్చు.

వీలునామా దగ్గర చాలామంది పొరబడ్డారు. ఆ రోజుల్లో ఉమ్మడిలో ఉన్న మనిషి తన వాటాను వీలునామాతో ఎవరికీ రాయలేకపోయేవాడు. అతను పోయిన క్షణమే ఆ వాటా మిగతావాళ్ళదైపోయేది. వీలునామా స్వార్జితానికీ, విడిపడిన వాటాకీ మాత్రమే పనికొచ్చేది. మద్రాసు నగరం వెలుపల 1926 దాకా హిందువు నోటిమాట వీలునామా కూడా చెల్లేది. 1927 జనవరి 1 తర్వాత రాసి, సంతకమో వేలిముద్రో వేసి, ఇద్దరు సాక్షుల చేత దస్తఖతు చేయించాలి. అలాగే, పెద్ద కొడుకులు విడిపడి తండ్రి చిన్నవాడితో ఉమ్మడిగా ఉండిపోతే, తండ్రి పోయాక ఆయన వాటా చిన్నవాడికే పోతుంది. విడిపడ్డ వాళ్ళకు అందులో ఏమీ రాదు. ముసలితనంలో చిన్నవాడి దగ్గర అన్నం తినడం వేరు, చట్టం దృష్టిలో అతనితో ఉమ్మడిగా ఉండడం వేరు. ఆ తేడాను కాగితంలో ఒక్క ముక్క రాసి ఉంటే ఎన్ని ఇళ్ళు చీలకుండా ఉండేవో.

1937లో వచ్చిన చట్టం ఉమ్మడిలో చనిపోయిన వాడి భార్యకు భర్త వాటాను, బతికినన్నాళ్ళు అనుభవించే హక్కుతో ఇచ్చింది. అయితే అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. రైతు ఇంటి ఆడవాళ్ళకు అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? మద్రాసు శాసనసభ 1947లో వేరే చట్టం చేసి భూములకూ వర్తింపజేసింది.

నెల్లూరు ప్రాంతపు ఒక కుటుంబం కథ ఈ చిక్కులన్నిటినీ ఒకేచోట చూపిస్తుంది. తులసమ్మ భర్త 1931లో చనిపోయాడు, సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిలో ఉండగానే. అతని వాటా శేషారెడ్డికి పోయింది. ఆమె 1944లో మనోవర్తి కోసం దావా వేసి డిక్రీ తెచ్చుకుంది. 1949లో రాజీ కుదిరి, మనోవర్తి కింద కొన్ని ఆస్తులు ఆమెకిచ్చారు. యావజ్జీవం అనుభవించాలి, అమ్మకూడదు, తర్వాత తిరిగి శేషారెడ్డికి చెందాలి అన్నది షరతు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత ఆమె కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. శేషారెడ్డి కోర్టుకెక్కాడు, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1977లో తీర్పు వచ్చింది. మనోవర్తి ఆమెకు అప్పటికే ఉన్న హక్కు, దాని బదులు ఇచ్చిన ఆస్తి వారసత్వ చట్టం 14వ సెక్షనుతో ఆమె సంపూర్ణ సొత్తు అయింది, యావజ్జీవం అన్న షరతు చెల్లదు అని. భర్త పోయిన 46 ఏళ్ళకు ఆ భూమి తులసమ్మదైంది.